చెయ్యి ఊపవద్దు

వెర్నా కోల్‌స్టాడ్ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. వారమంతా స్కూలు బస్సు నడుపుతుంది. పిల్లలు ఎక్కేంతవరకూ స్టీరింగు మీద వేళ్లతో దరువు వేస్తూనే ఉంటుంది. అలాంటి మనిషి డిసెంబరు శనివారాల్లో, మోంటానా కొండల్లో మంచు మీద పరుగెత్తే మోటారు బండ్లు తోలే మొండిఘటాలకు కదలకుండా ఉండటం నేర్పుతుంది. మేం చాటున నవ్వుకునేవాళ్లం కూడా.

ఆ శనివారం పన్నెండుమంది వచ్చారు. బండ్లు ట్రైలర్ల మీంచి దిగగానే ఒక్కొక్కరినీ తన ముందునుంచి నడిపించి, ఛాతీకి కట్టుకున్న బీకన్ కూస్తోందో లేదో చూసింది. మంచుచరియ కింద పడ్డవాణ్ని వెతకడానికి ఆ కూతే ఆధారం. గార్త్ దగ్గర కూత తెగి తెగి వస్తోంది.

"ఫోను ఎక్కడ పెట్టావు?"

"ఇదిగో, బీకన్ పక్కనే."

"దాన్ని తీసి దూరంగా పెట్టు. కూత చెడగొడుతోంది."

"మా ఆవిడ ఫోను చేస్తే వినపడొద్దూ?"

"ఇప్పుడు వినపడకపోతే కొంపలేం మునగవు. రేపు నువ్వు దొరక్కపోతే ఆమెకి ఫోను చెయ్యాల్సింది నేను."

గార్త్ సణుక్కుంటూ ఫోను వెనక సంచీలో పడేశాడు. రంపపు మిల్లులో పని అతనిది. నోరు దురుసు గానీ మనసు వెన్న. ఎవరి బండి దిగబడినా ముందు ఉరికేది అతనే. అందుకే వాలు కింద వెర్నా అసలు నియమం చెప్పగానే అడ్డం తిరిగాడు.

"వాలు మీద ఒక్క బండే ఉండాలి. పైన ఎవడైనా దిగబడితే మిగతావాళ్లు కింద, పక్కకి నిలబడి చూడాలి. రెండో బండి వెళ్లిందా, మంచు తెగుతుంది."

"అంటే వాడక్కడ ఒక్కడే తవ్వుకుంటా చస్తుంటే నేను కాఫీ తాగుతా చూడాలా?"

"తాగు. ఫ్లాస్కు తెచ్చుకున్నావుగా."

"మనిషన్నవాడు చేసే పనేనా అది? మీ ఓరిన్ అయితే ఊరుకునేవాడా, వెర్నా?"

నాలుగేళ్ల కింద, వాలు మీద దిగబడిన వెర్నా కోసం పైకి వెళ్లి మంచు కింద పోయాడు ఆమె భర్త ఓరిన్. తనంతట తానే ఉరికాడని మా బండ్ల క్లబ్బు గోడ మీద పలక కూడా పెట్టారు. వెర్నా ఆ గోడ వైపు ఎప్పుడూ కూర్చోదు.

గ్లవ్స్ తీసింది, మళ్లీ తొడుక్కుంది. ఇవాళ కూడా నోరు మెదపకపోతే ఈ గార్త్ ఏదో ఒకరోజు ఎవరి కోసమో ఉరుకుతాడని ఆమెకు తెలుసు.

"ఊరుకున్నాడు," అంది. "పావుగంట కిందే నిలబడి చూశాడు. నాకే ఓపిక లేకపోయింది. తవ్వి తవ్వి విసుగొచ్చి, రమ్మని చెయ్యి ఊపాను. అప్పుడొచ్చాడు. నా బండికి రెండడుగుల కింద మంచు తెగి అతన్ని ఈడ్చుకుపోయింది."

ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు.

"అందుకే, దిగబడినవాడు చెయ్యి ఊపడు. రెండు చేతులూ నెత్తిమీద అడ్డంగా పెడతాడు. రావద్దని దానర్థం. గార్త్, ముందు నువ్వెళ్లు."

వాలు పొట్టిదే. ఆ రోజు ప్రమాదం తక్కువని మంచుచరియల హెచ్చరికల కేంద్రం కూడా చెప్పింది. అయినా గార్త్ బండి సగం ఎక్కి పక్కకి ఒరిగి మెత్తటి మంచులో కూరుకుపోయేసరికి వెర్నా తన బండి దగ్గరికి ఉరికింది. అతను అలవాటుగా చెయ్యి పైకెత్తాడు. ఆమె చెయ్యి తన బండి తాళం మీదికి పోయింది. గార్త్ ఒక్క క్షణం అలాగే ఆగి, రెండో చెయ్యి కూడా ఎత్తి మొదటిదానికి అడ్డంగా పెట్టాడు.

తర్వాత పార తీసి తవ్వడం మొదలెట్టాడు. తవ్వాడు, కూలబడ్డాడు, బూతులు తిట్టాడు, మళ్లీ తవ్వాడు. కింద వెర్నా కాళ్లు మార్చి మార్చి నిలబడింది. గడియారం చూసింది, వాలు చూసింది, మళ్లీ గడియారం చూసింది. పక్కవాడెవరో కాఫీ అందిస్తే పుచ్చుకుని, తాగడం మరచిపోయింది.

ఎట్టకేలకు బండి కదిలింది. గార్త్ చెమటలు కక్కుతూ ఆమె పక్కకి వచ్చి ఆగాడు.

"గంట పట్టిందా?"

"ఇరవైరెండు నిమిషాలు."

"అంతేనా!"

చల్లారిపోయిన కాఫీని వెర్నా మంచులో పారబోసింది.

"అంతే," అంది.