బాపు నేర్పిన పుక్కిలింత

మా ఏడేళ్ల పాపకు పళ్ల డాక్టరు రాసిచ్చిన మౌత్‌వాష్ సీసా మూత తీయగానే పుదీనా వాసన గుప్పుమంది. "మమ్మీ, ఇది తాగొచ్చా?" అని అడిగింది పాప. ఆ మాటతో నేను గోదావరిఖనిలో మా పాత క్వార్టర్ వెనక నల్లా దగ్గరికి, సరిగ్గా దాని వయసుకు వెళ్లిపోయాను.

వానలు వెనకబట్టి, ఆకుల మీది బొగ్గుపొడి కడుక్కుపోయి, తంగేడు పచ్చగా విరగబూసిన బతుకమ్మ రోజులవి. అమ్మ రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసిన మలీద, నువ్వుల పొడి, పల్లీల పొడి గౌను జేబులో పోసుకుని, తొక్కుడుబిళ్ల ఆడుతూ కూడా నములుతూనే ఉండేదాన్ని. మా నాయనమ్మ పొద్దున్నే చేతిలో పెట్టిన వేపపుల్లను రెండుసార్లు తిప్పి పారేసేదాన్ని. సద్దుల బతుకమ్మ నాటికి కుడి చెంప బూరెలా ఉబ్బింది. పన్ను పీకుతారన్న భయంతో అమ్మ చున్నీ చుట్టుకుని ఒక రోజంతా దాచాను.

బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగివచ్చిన మా నాన్న, బాపు, నా ముఖం చూసి, స్నానమైనా చేయకుండా సైకిలెక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ పుచ్చిన పాలపన్ను తీసేసింది. పుండు మానాక మిగతా పళ్ల కోసం పుక్కిలించమని ఎర్రటి మందుసీసా ఇచ్చి, ఒక్క చుక్క కూడా మింగొద్దంది.

"పోరికి ఉమ్ముడే రాదు, మింగితె ఎట్ల?" అని అమ్మ భయపడింది.

"నేర్పుత తియ్" అన్నాడు బాపు.

పుండు మానగానే పాఠం మొదలైంది. సీసా మూతనిండా మంచినీళ్లు పోసి ఇచ్చేవాడు. నేను పుక్కిలించి గ్లాసులో ఉమ్మితే వాటిని మళ్లీ మూతలోకి వంపి చూసేవాడు. మూత నిండితేనే మందు. మొదటి రోజు సగం నీళ్లు గొంతులోకే పోయాయి. మూడో రోజు విసుగొచ్చి అన్నీ మింగేసి, బాపు అటు తిరిగినప్పుడు గ్లాసులో నల్లా నీళ్లు పట్టాను. వంపితే మూత పొర్లిపోయింది.

బాపు నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "మింగితె ఏం గాదు బిడ్డా, నీళ్లే గదా. అబద్ధమాడితె మందు నీ చేతికి ఎట్ల ఇయ్యాలె?"

గొంతు పెంచలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. మర్నాడు అరమూత నీళ్లే ఉమ్మి, అవే చూపించాను. బాపు నా తల నిమిరి, తనూ నోరు పుక్కిలించాడు. గనిలోంచి వచ్చిన నోరు కదా, నల్లటి నీళ్లు నల్లా పక్కన మోరీ కాలవలో పడ్డాయి.

"బాపూ, నువ్వెన్ని దినాలు చెయ్యాలె?"

"డ్యూటీ ఉన్నన్ని దినాలు."

తొమ్మిదో రోజు మూత నిండింది. ఆ సాయంత్రం మందు నాలుకను చురుక్కుమనిపించి కళ్లల్లో నీళ్లు తెప్పించినా, మొత్తం ఉమ్మేశాను. నా ఎర్రనీళ్లు, బాపు నల్లనీళ్లు కలిసి ఒకే మోరీలో పారాయి.

మా పాపకూ ముందు మంచినీళ్లతోనే నేర్పాను. "కొంచెం మింగిన" అని అదే వచ్చి చెప్పిన రోజున, ఇక దీనికి మందు ఇవ్వవచ్చన్న ధైర్యం వచ్చింది. మూతనిండా ఉమ్మడం కూడా వచ్చింది; ఇప్పుడు బ్రష్ చేశాక, నేను పక్కన నిలబడగా, మందు కొలిచి పోసుకుంటోంది.

బాపు లేడు. ఆయన దిగిన గనిని మూసేశారు. నల్లా ఎక్కడుండేదో చూపిద్దామని పోయిన నెల పాపను తీసుకెళ్లాను. మా క్వార్టర్ల వరుస ఉన్నచోట బొగ్గు కోసం పైనుంచి తవ్విన ఓపెన్‌కాస్ట్ గొయ్యి ఉంది. వేలుపెట్టి చూపడానికి అక్కడ నేల కూడా మిగల్లేదు.