వెనక్కి కట్టుకున్న చేతులు

ఆత్మకూరు సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్లు చించే పెద్దాయన, పని లేనప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకొని నిలబడేవాడు. పోయినేడు, ఇంటిల్లిపాదినీ కొట్టే తండ్రి కథతో సినిమా ఒకటి ఆడింది. తండ్రి కంచం విసిరే సీను రాగానే ఈయన బయటికొచ్చేసేవాడు.

“ఏంది పెద్దాయనా, భయమా?” అన్నాను.

“ఆ తెరమీదోడు అచ్చం మా నాయనే అబ్బయ్యా. ఆ చెయ్యి నాకూ వచ్చుండాది. అందుకే కట్టేసుకుంటా.”

ఒక మధ్యాహ్నం కూతురు తెచ్చిన క్యారియర్ జారి, వేడి పులుసు ఆయన కాళ్ళ మీద పడింది. ఆయన చెయ్యి గాల్లోకి లేచింది. పెన్న మీది సంగం బ్యారేజీలో నీళ్ళు కూడా ఆగి చూశాయి, ఒట్టు. ఆ చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది.

“కాలిందా నాయనా?” అంటూ ఆమె వంగి చూసింది.

చెయ్యి లేస్తే తల పక్కకు తప్పించాలని ఆ పిల్లకు తెలియనే తెలియదు.