మాత్ర మింగినవాళ్ళకే ఆట

నిన్న మధ్యాహ్నం వార్డు బయట బల్ల మీద ఒకమ్మాయి ఫోనులో ఏదో ఆట ఆడుకుంటోంది. బొమ్మ ఎగిరినప్పుడల్లా ఒక కీచు శబ్దం, చచ్చిపోయినప్పుడు నీరసంగా కిందికి జారే నాలుగు స్వరాలు. అవి చెవిన పడగానే చేతిలో ట్రేతో అలాగే నిలబడిపోయాను. ఆ శబ్దం విని ఇరవై ఏళ్ళు దాటింది. దాని వెంటే ఫినాయిల్ వాసన, తడిసిన దుప్పట్ల వాసన, సుందరమ్మ సిస్టర్ నిట్టూర్పు వచ్చేశాయి.

అరకు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నా మొదటి ఉద్యోగం. సుందరమ్మ సిస్టర్ అక్కడ హెడ్ నర్సు. నేను మైదానం నుంచి వెళ్ళినదాన్ని. ఆవిడ ఆ కొండల్లోనే పుట్టి, హాస్టళ్ళలో చదువుకుని, తిరిగి ఆ కొండలకే వచ్చిన మనిషి. యాభై దాటాయి. సాయంత్రానికి పాదాలు వాచిపోయేవి. కూర్చునేటప్పుడూ "ఓ ప్రభువా" అనేవారు, లేచేటప్పుడూ అదే. వానలు పడితే మా వార్డు నిండా చలిజ్వరం పిల్లలు. మూడు నాలుగు రోజుల్లో జ్వరం దిగేది. దిగగానే, మాత్రల కోర్సు సగంలో ఉండగానే, చోడి చేలో కలుపుందని తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకు అదే బిడ్డ మరింత పాలిపోయి మళ్ళీ వచ్చేది. అదే మంచం, అదే సెలైన్. ఆ తిరుగుడు చూసి చూసి ఆరు నెలలకే నా ఒంట్లో ఓపిక అయిపోయింది. బదిలీకి దరఖాస్తు రాసి పెట్టెలో పెట్టుకున్నాను.

బుద్రి అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. డుంబ్రిగుడ అవతల కొండమీది ఊరు. జ్వరం దిగిన మర్నాడు మంచం మీద లేదు. సిస్టరూ నేనూ బజారంతా వెతికాం. బస్సులాగేచోట ఒక షాపులో బీరువా అంత వీడియోగేమ్ పెట్టె ఉండేది. దాని ముందు గుంపులో, ఆసుపత్రి దుప్పటి కప్పుకుని బుద్రి నిలబడి ఉంది. తెర మీద ఒక సిపాయి ఎడమనుంచి కుడికి పరిగెడుతున్నాడు. గోతులు దూకుతున్నాడు, గట్లెక్కుతున్నాడు, ఎదురొచ్చినవాళ్ళని కాలుస్తున్నాడు. వాడు ముందుకు పోయేకొద్దీ అడవీ వంతెనా కోటా వెనక్కి జరిగిపోతున్నాయి. నేను పిల్ల రెక్క పట్టుకోబోతే సిస్టర్ ఆపారు.

"ఉండవే తల్లీ. ఆడు ఆ గొయ్యి దాటతాడో లేదో సూడనీ."

దాటలేదు. నాలుగు స్వరాలు మోగాయి. "ఇప్పుడేటి, మళ్ళీ మొదటికేనా?" అని షాపతన్ని అడిగారావిడ. "అంతేనమ్మా, మొదట్నుంచీ ఆడాల" అన్నాడతను.

"మన వార్డులాగే ఉందే" అని నిట్టూర్చి, పిల్లని చంకనెత్తుకున్నారు.

మర్నాడే ఇంటినుంచి తన చిన్న టీవీ మోయించుకొచ్చారు. టీవీకి తగిలించే వీడియోగేమ్ ఒకటి మేనల్లుడి దగ్గర్నుంచి తెచ్చారు. అందులోనూ అదే సిపాయి. వార్డు మూల స్టూలు మీద పెట్టి ఒకటే షరతు చెప్పారు: "మాత్ర మింగినోలకే ఆట. నోరు తెరిసి సూపించాల." పిల్లలకు నేర్పడానికి ముందు తను నేర్చుకున్నారు. కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంటే భోజనాల తరవాత కూర్చుని ఆడేవారు. మూడో స్టేజీ ఎన్నడూ దాటలేదు. బుద్రి రెండు రోజుల్లోనే ఆవిడకి గురువైపోయింది.

"వంగోమ్మా! వంగో, కాలుస్తన్నాడు!"

"నా నడుమే వంగదే గుంటా. ఆడి నడుం నానేటి వంచగలను?"

ఆ వారం ఒక్క మంచమూ మధ్యలో ఖాళీ కాలేదు.

అప్పుడొక పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు. "ఇది ఆసుపత్రా, సినిమాహాలా?" అన్నాడు. టీవీ స్టోరు గదిలోకి పోయింది. సిస్టర్‌కు మెమో వచ్చింది. రెండు రోజులకి బుద్రి తండ్రి వచ్చి, మేం వేరే పనిలో ఉండగా పిల్లని తీసుకెళ్ళిపోయాడు. తరవాతి సంతకి వచ్చిన ఆ ఊరివాళ్ళు చెప్పారు, పిల్ల మళ్ళీ వణుకుతోందని. సిస్టర్ మాత్రలు సంచిలో వేసుకుని నావైపు చూశారు. రమ్మని అనలేదు. నేనే వెళ్ళాను.

జీపు ఆగిపోయిన చోటునుంచి వానలో ఎక్కుడు. ప్రతి మలుపులోనూ ఆవిడ రాయి మీద కూర్చునేవారు, లేచేవారు. మమ్మల్ని చూసి ఆ తండ్రి తల వంచుకున్నాడు. "ఆట లేదని ఏడిసిందమ్మా. జొరం లేదు గదా అని తీసుకొచ్చీసినాను." సిస్టర్ పిల్ల నుదురు పట్టి చూసి, "బేగి డోలీ కట్టు" అన్నారంతే.

దుప్పటిని కర్రకి కట్టి, అందులో బుద్రిని పడుకోబెట్టి, తండ్రీ బాబాయీ మోస్తూ దిగుతున్నారు. పిల్ల కళ్ళు తెరవడంలేదు. మాత్ర పెట్టబోతే పళ్ళు బిగించేసింది. సిస్టర్ డోలీ పక్కన ఆయాసపడుతూ నడుస్తూ ఆట చెప్పడం మొదలుపెట్టారు.

"ఆడు లెగిసినాడే బుద్రీ. అడివిలో ఎల్తన్నాడు. గొయ్యొచ్చింది, గెంతినాడు. ఇప్పుడు వంతెన. వంతెన ఇరిగిపోతంది, పరిగెట్టాల. దాటినాడు. ఇంక కోట..."

"కాదు" అంది బుద్రి, కళ్ళు మూసుకునే. గొంతు వినిపించీ వినిపించనట్టుంది. "ముందల గబ్బిలాలు."

"అవునే, గబ్బిలాలు. మరిసిపోనాను. మాత్ర మింగితేనే మిగిలింది."

నోరు తెరిచింది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఎలాగూ వాన పడుతోంది.

బుద్రి బతికింది. టీవీ మాత్రం స్టోరులోంచి బయటికి రాలేదు. కొండ దిగొచ్చిన ఆ సాయంత్రం సిస్టర్ బకెట్లో వేణ్ణీళ్ళు పోసుకుని పాదాలు పెట్టుకుని కూర్చుంటే, దరఖాస్తు సంగతి చెప్పేశాను. "నావల్ల కాదు సిస్టర్. అలిసిపోయాను."

నీళ్ళలో పాదాలు ఒకదానితో ఒకటి రుద్దుకున్నారావిడ. "నాకు పాతికేళ్ళనించీ అలుపేనే తల్లీ. పోతాదేమోనని సూసినాను. పోలేదు. అలుపుతోటే ఎల్తన్నాను." పాదాలు తుడుచుకుంటూ, "ఎల్తానంటే ఎల్లు, తప్పేటి లేదు. ఈ గుంట ఇంటికెల్లినాక ఎల్లు" అన్నారు.

బుద్రి ఇంటికెళ్ళేసరికి ఆ మంచం మీదికి ఇంకో పిల్ల వచ్చింది. ఆ తరవాత మరొకరు. దరఖాస్తు నేను పంపలేదు, ఇప్పటికీ ఆ ఆసుపత్రిలోనే ఉన్నాను. ఇందులో గొప్పతనమేమీ లేదు, పంపే రోజు కుదరలేదు. సుందరమ్మ సిస్టర్ రిటైరైన మూడేళ్ళకే పోయారు. అది జ్వరాల కాలం. వార్డు వదిలి వెళ్ళలేకపోయాను.

ఈ ఉదయం మా కొత్త నర్సు వచ్చి, నాలుగో మంచం పిల్లాణ్ణి రాత్రి వాళ్ళమ్మ తీసుకెళ్ళిపోయిందని చెప్పింది. ఏ ఊరని అడిగాను. ఆటో ఎంతదాకా వెళుతుందో, అక్కణ్ణుంచి ఎంత నడకో కనుక్కున్నాను. ఆ అమ్మాయి మొహం వాడిపోయి ఉంది. రెండు డ్యూటీలు వరసగా చేసింది.

"ఇప్పుడే వెళ్ళాలా సిస్టర్? చాలా అలుపుగా ఉంది."

"నాకూ అలుపుగానే ఉందమ్మా" అన్నాను.

ఇద్దరం మాత్రల సంచి తీసుకుని, ఆటో కోసం రోడ్డు మీదికి వచ్చాం.