నూనె బండి ఫ్లెక్సీలో నా తల

మా అమ్మ నా జుట్టును దేవుడికి మొక్కుకుంది. తన జుట్టు కాదు, నాది. డెంగీ వచ్చి నేను ఆసుపత్రి మంచం మీద సెలైన్ ఎక్కించుకుంటూ పడి ఉంటే, పక్కన స్టూలు మీద కూర్చున్న అమ్మ కొండ దిక్కు తిరిగి, "సామీ, నా బిడ్డ లేసి నడిస్తే దాని తలనీలాలు నీకే" అనేసింది. నేను లేచి నడిచాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆమె ఆ మాట ఎత్తలేదు, గుర్తు చేసేంత వెర్రిదాన్ని నేనూ కాదు. నడుము దాటిన జడ నాది. బంగారుపాళ్యంలో బస్సు దిగి నడుస్తుంటే తోటల్లో మామిడికాయలు కోసేవాళ్ళు నిచ్చెన మీద నుంచి తిరిగి చూసేవారు. కనీసం చూస్తున్నారని నేను అనుకునేదాన్ని.

డిగ్రీ అయ్యాక తిరుపతిలో ఒక చీరల కొట్లో, పెళ్ళి చీరల కౌంటర్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ మాట ఇంట్లో చెప్పగానే అమ్మకు ఎక్కడలేని సంతోషం కలిగింది, దాంతోపాటే మొక్కూ గుర్తొచ్చింది.

"ముందు మొక్కు తీర్సాల. ఆ పైన ఉద్యోగం," అంది.

"మొక్కింది నువ్వు. నీ జుట్టు ఇచ్చుకో పో."

"నా జుట్టు నేను యాడ మొక్కినాను? నీది గదా మొక్కినా!"

మూడు కత్తెరలు ఇస్తానన్నాను. అంటే జడ చివర మూడుసార్లు కత్తిరించి దేవుడి దగ్గర తప్పించుకోవడం. మా వైపు ఆడవాళ్ళు చాలామంది చేసేదే. అమ్మ నన్ను చూసిన చూపుకు ఆ బేరం అక్కడే ఆగిపోయింది. గుండంటే గుండే.

చీరల కొట్లో పెళ్ళి కౌంటర్ చూసుకునే మేడంకు ఈ సంగతి చెప్పాలి కదా, వెళ్ళాను. యాభై దాటిన మనిషి. మాట కచ్చితం. వినేసి, కుప్పలో ఉన్న చీర ఒకటి మడత పెడుతూ చెప్పింది.

"మొక్కు తీర్చుకోవాల్సిందే పాపా, కాదనను. కానీ పెళ్ళికూతురికి చీర చూపించేటప్పుడు మన మీదే వేసి చూపించాల. గుండు మీద ముసుగేస్తే వాళ్ళు చీర చూస్తారా, గుండు చూస్తారా? శ్రావణం ముహూర్తాలకు రా. నెత్తిన మూర మల్లెపూలు నిలిచేంత జుట్టుతో రా. లేదంటే ఇంకొక పిల్లను పెట్టుకుంటాను."

అప్పటికి మూడు నెలల గడువు. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఊళ్ళో ఉంటే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో టెంకలు ఏరే పని తప్ప ఇంకో దారి లేదు, మా నాయన అప్పటికే ఆ ఫ్యాక్టరీలోనే పని చేస్తున్నాడు, ఇంట్లో ఒకరికి ఆ వాసన చాలు.

కొండ మీద పది నిమిషాల్లో పని అయిపోయింది. నేను ఏడుస్తానని అమ్మ కొంగు సిద్ధం చేసుకుని నిలబడింది కానీ, నాకు కోపం ఎంత వచ్చిందంటే ఏడవడానికి తీరికే లేకపోయింది. తలకు చందనం పూసుకుని, దర్శనం చేసుకుని, కొండ దిగి బస్టాండుకు నడుస్తుంటే ఒక తోపుడు బండి మైకులో అరుస్తోంది.

"గుండోళ్ళకు స్పెషలాఫర్! కంపెనీ మూసేస్తా ఉండారు, గోడౌన్ కాళీ! పన్నెండు నూర్ల నూనె నూటాయాభైకే! ఒకటి కొంటే రెండు ఫ్రీ! ఈ పొద్దే ఆకరు, రేపు రమ్మన్నా రాదు!"

బండి నిండా లిప్‌స్టిక్కులు, కాటుకలు, తెల్లబరిచే క్రీములు. వాటి ముందు వరసలో పచ్చటి నూనె బాటిళ్ళు. అమ్మే మనిషి నా తల చూసి మైకు ఆపేశాడు. అంత గౌరవం నాకు దేవుడి దగ్గర కూడా దక్కలేదు.

"అక్కా, ముప్పై దినాలు. ముప్పై దినాల్లో జుట్టు మొలవలేదా, డబ్బులు వాపస్. రాసిస్తా. గ్యారంటీకి ఒక ఫోటో తీసుకుంటా, సూడు ఇట్ల," అని ఫోన్ ఎత్తాడు.

గుండు కొట్టించుకున్నవాళ్ళకు జుట్టు మొలవకపోతే డబ్బు వాపసట! ఇప్పుడు తలచుకుంటే ఆ మనిషి తెలివికి లేచి నిలబడి దండం పెట్టాలనిపిస్తుంది. వీధినిండా గుండ్లు తిరిగే ఊళ్ళో అంతకంటే భద్రమైన గ్యారంటీ ఇంకేముంటుంది? కానీ ఆ పూట నా చెవికి అవేమీ ఎక్కలేదు. శ్రావణం ఒక్కటే ఎక్కింది. అమ్మ "వద్దే, మోసమే" అని చెయ్యి లాగుతున్నా వినకుండా కొనేశాను.

బస్సులో కూర్చుని బాటిల్ మీద ధర స్టిక్కర్‌ను గోటితో గీకాను. పన్నెండు వందల కింద ఎనిమిది వందల స్టిక్కర్ ఉంది. దాని కింద నలభై ఐదు. ఇంకెవరైనా అయితే మోసపోయామని గుండెలు బాదుకునేవాళ్ళు. నేను మాత్రం, నలభై ఐదు నుంచి పన్నెండు వందలకు పెరిగిందంటే ఎంత బాగా పనిచేస్తుంటే అంత పెరుగుతుంది అని అమ్మకు వివరించాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఫ్రీగా ఇచ్చిన లిప్‌స్టిక్ చిత్తూరు చేరేలోపే కరిగి సంచిలో పారింది. ఫ్రీగా ఇచ్చిన క్రీమును అమ్మ రెండు రోజులు ముఖానికి రాసుకుని, మూడో రోజు దాంతో ఇత్తడి చెంబు తోమింది. చెంబు మాత్రం తళతళలాడింది.

నూనె నుంచి కర్పూరం, కిరసనాయిలు కలిసిన వాసన వచ్చేది. దిండు పచ్చబడింది. నేను వదల్లేదు. పొద్దునా సాయంత్రం పట్టించి, ప్రతి శుక్రవారం చిన్నప్పటి జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టి కొలిపించుకునేదాన్ని. కొలిచేది అమ్మే.

"సామి ఇస్తా ఉండాడు," అనేది స్కేలు తీసి.

"నూనె ఇస్తా ఉండాది," అనేదాన్ని నేను.

పది రోజులు గడిచాక బాటిల్ నేను పూసుకునేదానికంటే వేగంగా తగ్గిపోతోందని అనుమానం వచ్చింది. ఒక పొద్దున పెరట్లోకి వెళ్తే మా నాయన బావి గట్టు మీద కూర్చుని, ముప్పయ్యో ఏటి నుంచి బోడిగా ఉన్న తన తలకు నా నూనె దట్టంగా పట్టిస్తున్నాడు. పట్టుబడ్డాక ఆయన సిగ్గుపడలేదు.

"నీకొస్తే నాకు రాదా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఇద్దరం పక్కపక్కన కూర్చుని రాసుకునేవాళ్ళం. అమ్మ మా ఇద్దరినీ చూసి నవ్వి నవ్వి పొయ్యి మీద పాలు పొంగబెట్టిన రోజులున్నాయి.

నెల తిరిగేసరికి నా తల మీద నల్లగా, ముళ్ళపందిలా లేచింది. ఆ ఆనందం చెప్పలేను. చెయ్యి పెట్టి తడుముకోవడమే పని. తిరుపతికి పరుగెత్తి బండివాడికి చూపించాను. కంపెనీ మూసేసి నెలయినా బండి అక్కడే ఉంది, ఆ పొద్దే ఆఖరు అని ఇంకా అరుస్తూనే ఉంది. వాడు నా తల చుట్టూ తిరిగి, నాలుగు వైపులా ఫోటోలు తీసి, "అక్కా, ఇంక నువ్వే నా మోడల్" అని ఒక బాటిల్ ఊరికే ఇచ్చాడు. మోడల్ అన్నాడు కదా, ఇంటికొచ్చేదాకా నా కాళ్ళు నేల మీద లేవు.

రెండు వారాల తర్వాత చూద్దును కదా, బండికి ఫ్లెక్సీ కట్టాడు. ఎడమవైపు గుండుతో నేను, ఎవరినో కొట్టబోతున్నట్టు. కుడివైపు నవ్వుతూ నేనే, కానీ తలకు ఎవరిదో మోకాళ్ళ దాకా జడ అతికించాడు. నలభై ఐదు రోజుల్లో అని రాశాడు. నాకు కోపం రావాలి. రాలేదు. దాని పక్కన నిలబడి ఫోటో దిగి, ఇంట్లో అందరికీ చూపించాను.

నాయన ఆ ఫోటోను చాలాసేపు చూసి, నెత్తి మీద తువ్వాలు తీశాడు.

"ఇట్ల సూడు మ్మే. ఒగటే బాటిలు, ఒగటే మాదిరి పూసినాం, అన్ని దినాలూ పూసినాం. నీకు మొలిసింది. నాకు ఈగ కూడా నిలబడకుండా జారిపోతా ఉండాది. కాపు అయినాక మామిడి కొమ్మలు కొట్టేస్తాం గదా, చిగురు రాలేదా? దానికి ఎవురన్నా నూనె పూసినారా?"

ఒక రోజంతా ఆయనతో మాట్లాడలేదు. తప్పు చెప్పినందుకు కాదు, సరిగ్గా చెప్పినందుకు. ఫ్లెక్సీ తీయించేయాలని అనుకున్నాను కూడా. కానీ నిజం చెప్పాలంటే, అందులో నేను బాగున్నాను. పోనీలే, కొనేవాళ్ళకు బుద్ధి లేదా అని సర్దిచెప్పుకుని ఊరుకున్నాను.

శ్రావణం వచ్చేసింది. నా జుట్టు పొడవు రెండు వేళ్ళ వెడల్పు దాటలేదు. అయినా ఎనిమిది స్లైడులు, ఒక ఎలాస్టిక్ బ్యాండు పెట్టి అమ్మ మూర మల్లెపూలు నిలబెట్టింది. బస్సులో కిటికీ గాలికి అవి ఎగిరిపోకుండా రెండు చేతులతో పట్టుకుని తిరుపతి దాకా వచ్చాను. పక్కన కూర్చున్న ఆమె నాకు తలనొప్పేమోనని మాత్ర ఇవ్వబోయింది.

కొట్లో మేడం నా పూల వైపు చూడనైనా చూడలేదు. చెయ్యి పట్టుకుని వెనక చీరల గదిలోకి తీసుకుపోయి తలుపు గడి పెట్టింది.

"ఆ బండి మీద బొమ్మ నీదే గదా?"

అవునన్నాను, కొంచెం గర్వంగానే. ఆమె వెనక్కి తిరిగి, తల వెనక పిన్నులు ఒక్కొక్కటే తీసింది. పాపిటతో సహా లావాటి జడ మొత్తం ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. విగ్గు. దాని కింద ఏమీ లేనట్టే. పాపిట నుంచి మెడ దాకా చర్మం తెల్లగా కనబడుతోంది, అక్కడక్కడా నాలుగు పోగులు.

"ఆరు బాటిళ్ళు అయిపోయినాయి పాపా. ఆ బొమ్మలో నిన్ను గుర్తుపట్టినా కాబట్టే కొన్నాను. మన కౌంటర్‌కు రాబోయే పిల్ల, అబద్ధం ఎందుకు చెప్తుందిలే అనుకున్నా. నీకు వచ్చింది, నాకెందుకు రాలేదు? నువ్వు యెట్ల పూసుకుంటావో చెప్పు."

కాస్త వేడి చేసి పూయండి మేడం, ఇంకో నెల చూడండి అంటే చాలు. ఉద్యోగం ఆ మధ్యాహ్నమే నాది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆమె ఆ నాలుగు పోగులనూ వేళ్ళతో సర్దుకుంటూ నా ముఖం వైపే చూస్తోంది. నాకు సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది.

"అది నూనె కాదు మేడం. నాది గుండు. గుండు కొట్టిస్తే యెట్లన్నా మొలుస్తాది. మా నాయనా అదే పూసినాడు, ఆయనకు ఒక్కటీ రాలేదు. ఆ ఫ్లెక్సీలో జడ నాది కాదు. నాకు ముందే తెలుసు. తీయించలేదు."

ఆమె విగ్గు మళ్ళీ పెట్టుకుంది. పిన్ను రెండుసార్లు జారింది. అందుకోబోతే నా చెయ్యి తోసేసింది.

"పో," అంది.

బయటికి వచ్చి తిన్నగా బండి దగ్గరికి వెళ్ళాను. "ఫోటోకు బాటిల్ ఇచ్చినా గదక్కా" అని వాడు వాదం మొదలుపెట్టేలోపే తాళ్ళు తెంపి, ఫ్లెక్సీ చుట్టి చంకలో పెట్టుకుని పరుగు తీశాను. పూలు రోడ్డు మీద రాలుతున్నాయి, వాడు "అక్కా, అక్కా" అంటూ వెంటపడుతున్నాడు, మైకు మాత్రం వెనక ఒంటరిగా ఈ పొద్దే ఆకరు అని అరుస్తోంది. ఆటోలోకి దూకి కూర్చున్నాక నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. మరుసటి రోజు అమ్మ ఆ ఫ్లెక్సీని మిద్దె మీద పరిచి, నా రెండు ముఖాల మీదా మిరపకాయలు ఎండబోసింది. నేను ఫ్యాక్టరీలో పనికి పేరు ఇచ్చాను.

ఎనిమిదో రోజు కొట్టు నుంచి ఫోన్ వచ్చింది. మేడం రమ్మంటోంది, అంతే చెప్పారు. తిట్టడానికేనని భయపడుతూనే వెళ్ళాను.

పెళ్ళి కౌంటర్ దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. వాళ్ళ మధ్యలో పట్టుచీర కట్టుకుని, నుదుట పెద్ద బొట్టు పెట్టుకుని, నున్నటి గుండుకు చందనం పూసుకుని మేడం కూర్చుని ఉంది. పెళ్ళికూతురి తల్లి చీర చూస్తూ చూస్తూ, "మొక్కా అమ్మా?" అని అడిగింది.

"అవునమ్మా, మొక్కే," అంది మేడం.

తిరుపతిలో అంతకు మించి ఎవరూ అడగరు. ఆమె తల ఎందుకు అలా ఉందో ఈ ఊళ్ళో ఇక ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. నన్ను చూసి దగ్గరికి పిలిచి, నాకు మాత్రమే వినపడేలా అంది.

"పద్దెనిమిదేండ్లు పాపా. పద్దెనిమిదేండ్లు తలుపు గడి పెట్టుకోని తల దువ్వుకున్నాను. మా ఇంటాయన కూడా చూడలేదు. ఈ పొద్దు వాకిట్లో నిలబడి తల తుడుచుకున్నా."

అని, ఎర్ర పట్టుచీర ఒకటి తీసి నా భుజం మీద వేసి, కొంగు నా తల మీదుగా లాగి, నన్ను పెళ్ళికూతురి ముందుకు తోసింది.