పెళ్లి డీవీడీలో రెండో ఆడియో

ఈమధ్య మా నరసరావుపేటలో ఇడ్లీ పార్సిల్ అడిగితే చట్నీని చిన్న ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి మెలితిప్పి, దానికి రబ్బరు బ్యాండు పదిహేను చుట్లు చుట్టి ఇస్తున్నారు. ఆ బ్యాండు ఎక్కడ మొదలైందో చుట్టినవాడికి కూడా తెలియదు. గోటితో లాగితే రాదు. పంటితో లాగితే చట్నీ చొక్కా మీదికొస్తుంది. ఎందుకయ్యా ఇంత కట్టుదిట్టం అని అడిగితే, "కారకూడదు కదా సార్" అన్నాడు బండి అతను. నిజమే, ఇంతవరకు ఒక్క చుక్క కారలేదు. తినడమే కుదరడం లేదు.

నా రెండో ఫిర్యాదు కొంచెం పెద్దది. కొత్త టీవీలకు, కొత్త ల్యాప్‌టాప్‌లకు డీవీడీ పెట్టుకునే చోటు లేదు. దీని మీద పల్నాడులో ఎవరూ ధర్నా చేయలేదు. నా దగ్గర మాత్రం ఒక అట్టపెట్టె నిండా డీవీడీలున్నాయి. హైదరాబాదులో పీజీ చదివే రోజుల్లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద ఏరుకున్నవి. అవి నేను సినిమాల కోసం కొనలేదు. కొన్ని ఇంగ్లీషు డీవీడీల్లో రెండో ఆడియో ఉండేది. రిమోట్‌లో బటన్ నొక్కితే పాత్రల మాటలు వెనక్కి తగ్గి, సినిమా తీసినవాళ్ళ గొంతులు వినిపించేవి. తెర మీద సినిమా నడుస్తుంటే వాళ్ళు పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవారు. ఈ వాన మేం కురిపించిందే, ఆ గుర్రానికి ఆ రోజు ఒంట్లో బాగాలేదు, ఇలాంటివి.

వాటిలో నాకు బాగా ఇష్టమైనవి మూడున్నాయి. ఒకదానిలో కెమెరామన్ రెండు గంటలూ భోజనాల గురించే మాట్లాడాడు. హీరో చచ్చిపోయే సీన్లో కూడా ఆ రోజు వడ్డించిన చేప చల్లారిపోయిందని బాధపడ్డాడు. ఇంకోదానిలో హీరో హీరోయిన్లు ఒకప్పటి భార్యాభర్తలు, రికార్డింగ్ నాటికి విడిపోయారు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని, ఒకరినొకరు పలకరించుకోకుండా, సినిమా అయ్యేదాకా కుర్చీలూ బల్లలూ బాగున్నాయని మెచ్చుకున్నారు. మూడోది ఒక ముసలి డైరెక్టరుది. ఆయన ఎక్కువ మాట్లాడడు. ఒక సీన్ దగ్గర మాత్రం, "ఇక్కడ తప్పు నాది, ఆ అమ్మాయిది కాదు" అన్నాడు. తర్వాత నాలుగు నిమిషాలు ఊపిరి పీల్చడం తప్ప ఇంకేమీ వినపడదు. ఆ నాలుగు నిమిషాలు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నాను గాని నేర్చుకోలేదు.

చదువయ్యాక ఊరికొచ్చి ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరాను. నా స్నేహితుడొకడు ఎరువుల కొట్టు మీది గదిలో పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేసేవాడు. అంటే సత్తెనపల్లి దాటి ఎరగని పెళ్లికూతుర్ని మంచుకొండల మీద నిలబెట్టడం, పెళ్లికొడుకు మొహాన్ని గుండె గుర్తులో పెట్టి గిరగిరా తిప్పడం. నా పెళ్లి వీడియో కూడా వాడే చేశాడు.

పెళ్లి వైశాఖం చివర్లో అయింది. అమ్మాయిది శావల్యాపురం దగ్గర పల్లె. మిక్సింగ్ పూర్తయ్యేసరికి జ్యేష్ఠం అయిపోవచ్చింది. ఒక మధ్యాహ్నం వాడు గదిలో ఇయర్‌ఫోన్ మైకు నా చేతికిచ్చాడు.

"మావా, అస్తమానం రెండో ఆడియో, రెండో ఆడియో అని నా పేనాలు తీస్తావు గదా. నీ పెళ్లికి మనమే పెడదాం."

"ఎవరు వింటార్రా?"

"ఎవరు వినేదేంది? నీకొకటి, నాకొకటి. మిగతా వాళ్ళకి మామూలుదే."

ఇద్దరం కూర్చుని రెండున్నర గంటలు మాట్లాడాం. వాడికి నవ్వడమే పని, మాట్లాడింది నేను. మా మామగారు తెర మీదికి రాగానే, "ఈ సీన్లో ఆయన నవ్వాలి. ఇది నవ్విన టేకే" అన్నాను. పంతులుగారికి డైలాగులు ఎక్కువైపోయాయన్నాను. జీలకర్ర బెల్లం పెట్టి, అడ్డుతెర తీశాక అమ్మాయి తలెత్తిన చోట నా ఇంగ్లీషు డైరెక్టర్లు గుర్తొచ్చారు. ఆ గొంతు పెట్టి ఇలా అన్నాను:

"ఈ పాత్రకి మొదట గురజాల అమ్మాయిని అనుకున్నాం. అక్కడ కుదరలేదు. తర్వాత ఈమెని తీసుకున్నాం. ఉన్నంతలో బాగానే చేసింది."

నా స్నేహితుడు కుర్చీలోంచి కింద పడినంత పని చేశాడు. ఆ నవ్వు కూడా రికార్డయింది.

నిజం ఏమిటంటే, గురజాల సంబంధం నేను వదులుకున్నది కాదు. వాళ్ళే నన్ను వద్దన్నారు. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాడికి పిల్లనిచ్చేది లేదని మధ్యవర్తితో కబురు చేశారు. ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళకి, నా స్నేహితుడికి తప్ప ఎవరికీ తెలియదు. జోకులో మాత్రం వాళ్ళని నేనే పక్కన పెట్టినట్టు వచ్చింది. జోకులు చెప్పేవాడికి ఆ మాత్రం వెసులుబాటు ఉంటుంది.

మా వైపు పెళ్లి డీవీడీలు పది కాపీలు తీస్తారు. ఐదు మాకు, ఐదు ఆడపిల్లవారికి. నా స్నేహితుడు మా మాటలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడానికి వాటిని మొదటి ఆడియోగా మార్చి, మళ్ళీ వెనక్కి మార్చడం మరిచిపోయి, పదింటినీ పెట్టగానే మా మాటలే వచ్చేలా కొట్టేశాడు. ఆషాఢం రాగానే కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళింది. పెట్టెలో చీరల మధ్య, మిఠాయి డబ్బా పక్కన, ఆ ఐదు కాపీలు నేనే సర్దాను.

మామగారింట్లో వీధి మొత్తాన్ని పిలిచారు. ఉప్మా, బజ్జీలు చేయించారు. మొదటి పది నిమిషాలు మామగారు ఛాతీ విరుచుకుని కూర్చున్నారట. అల్లుడు ఇంగ్లీషు లెక్చరర్ గదా, వీడియోకి మాటలు కూడా ఆయనే చెప్పాడని పక్కవాళ్ళతో గొప్పగా చెప్పుకున్నారట. ఆ తర్వాత అందరూ బజ్జీల పళ్ళెంలోకి చూడటం మొదలుపెట్టారట. పెళ్లి వీడియో మధ్యలో లేచి వెళితే అమర్యాద కాబట్టి అప్పగింతల దాకా అందరూ కూర్చున్నారు. రిమోట్‌లో బటన్ ఒకటి నొక్కితే నా నోరు మూతపడుతుందని ఆ గదిలో ఎవరికీ తెలియదు.

మర్నాడు ఫోన్ వచ్చింది.

"అల్లుడుగారూ, సీడీ చూశాం."

"ఎట్టా వచ్చిందండీ మావయ్యగారూ?"

"గొంతు బాగా వచ్చింది. గురజాల అమ్మాయి ఎవరు?"

నేను నవ్వబోయాను.

"ఊరికే, సరదాకి అన్నమాటండీ అది. రిమోట్‌లో ఆడియో అని బటనుంటది, అది నొక్కితే పోతదండీ."

"ఏది పోతది?"

ఫోన్ అమ్మాయికివ్వమన్నాను. తలనొప్పిగా ఉందని పడుకుందన్నారు. శావల్యాపురం ఎంత దూరం? బస్సెక్కితే గంట. వెళ్ళి, ఆమెని ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ళు నన్ను వద్దన్నారు, అది చెప్పుకోలేక అలా వాగాను అంటే సరిపోయేది. కానీ ఆషాఢంలో కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. కాబట్టి వెళ్ళలేదు. నా జీవితంలో ఆచారాన్ని అంత నిష్ఠగా పాటించిన నెల ఇంకొకటి లేదు.

శ్రావణంలో ఆమె వచ్చింది. గొడవ పడలేదు, ఏడవలేదు, డీవీడీ మాటే ఎత్తలేదు. మా బంధువులెవరైనా పప్పుచారు బాగుందమ్మా అంటే, "ఉన్నంతలో చేశానండీ పిన్నిగారూ" అనేది. వినయమనుకుని వాళ్ళు ఇంకా మెచ్చుకునేవారు. నేను అన్నం కలుపుకుంటూ ఉండేవాణ్ణి.

చెప్పాలని అనుకోలేదని కాదు. ఒకసారి కోటప్పకొండ మెట్లెక్కుతూ మొదలుపెట్టాను. ఆయాసం వస్తోందని నాకు నేనే నచ్చజెప్పుకుని ఆపేశాను. పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో అనుకున్నాను, ఇది సమయం కాదనిపించింది. కాలేజీలో జీతాలు ఆపిన ఏడు అసలే చెప్పలేకపోయాను. గురజాల వాళ్ళు సరిగ్గానే లెక్కేశారని ఒప్పుకున్నట్టవుతుంది. ఒక పక్క ఎవరికో బదులుగా వచ్చానని ఆమెకున్న నొప్పి, ఇంకో పక్క నన్నెవరో కాదన్నారని నాకున్న నొప్పి. తూకం వేసే పని నా చేతిలోనే ఉండేది కాబట్టి ప్రతిసారీ నాదే బరువుగా తేలేది. బయట మాత్రం నేను మంచి హాస్యప్రియుణ్ణి. స్టాఫ్ రూములో నేనుంటే టైము తెలియదంటారు.

మొన్న వేసవిలో నా స్నేహితుడు మిక్సింగ్ గది ఖాళీ చేశాడు. ఇప్పుడు పెళ్లిళ్ళన్నీ ఫోన్లోనే చూస్తున్నారు. పాత హార్డ్ డిస్కులో మా పెళ్లి దొరికిందని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు.

"మన మాటలు తీసేశా మావా. మేళం ఒక్కటే ఉంచా. ఇన్నేళ్ళకి నిన్ను బాగుచేశా."

ఆదివారం పొద్దున టీవీకి పెట్టాను. పాప ట్యూషన్‌కి వెళ్ళింది. ఆమె నేల మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంపుతోంది. సన్నాయి మొదలవగానే చెయ్యి ఆగింది. తన పెళ్లిని తాను నా గొంతు లేకుండా చూడటం అదే మొదటిసారి. మామగారు ఇంకా నల్లటి జుట్టుతో అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆ సీన్లో ఆయన నిజంగానే నవ్వుతున్నారు. అడ్డుతెర తీశారు. అమ్మాయి తలెత్తింది. ఆ మొహంలో నటన లాంటిదేమీ లేదు. ఇరవై మూడేళ్ళ పిల్ల, భయంగా, ఎదురుగా ఉన్నవాడు ఎలాంటివాడో కనిపెడదామని చూస్తోంది.

నేను టీవీ వైపు చూస్తూనే అన్నాను. "ఆ గురజాల సంబంధం సంగతి నీకొకటి చెప్పాలి."

ఆమె గోరుచిక్కుడు ఈనె తీసి పక్కన పెట్టింది.

"వాళ్ళే మిమ్మల్ని వద్దన్నారు. శ్రావణంలో నేనొచ్చిన వారానికే మీ అమ్మ చెప్పింది. మీ నోటితో మీరు చెప్తారేమోనని పదమూడేళ్ళు చూశా. ఇప్పుడు చెప్పినా నాకక్కర్లేదు."