ఆ నవ్వును తీసేయకండి

నా పేరు పాంగి చిన్నమ్మి. ఆధార్ కార్డులో నా వయసు డెబ్బై రెండు. రాసినవాడు నా మొహం చూసి వేసిన లెక్క అది. నేను, కొడుకు, కోడలు రాధమ్మ, రెండు మేకలు ఒకే ఇంట్లో ఉంటాం. అరకు నుంచి జీపెక్కి గంటన్నర పైకి వస్తే మా ఊరు. అందరూ నన్ను అప్పా అంటారు, అంటే అక్కా అని. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా బడి టీచరమ్మ రాస్తోంది. ఒక్క మాట మార్చనని ఒట్టు వేసింది.

మా డైరెక్టరు బాబు పోయాడు. సంతలో అల్లం బస్తా దింపుతుంటే జీపు డ్రైవరు చెప్పాడు. "అప్పా, సినిమా బాబు పోనాడంట. సాలూరులో, నిద్దట్లోనే." నేను నమ్మలేదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడమే కదా ఆయన పని. ఇదీ సినిమాలో ముక్కేనేమో అని, కెమెరా ఎక్కడ దాచారో జీపంతా వెతికాను. కెమెరా లేదు. అప్పుడు ఆ బస్తా మీదే కూర్చుండిపోయాను.

బాబు ముందు పట్నంలో నవ్వుల సినిమాలకు మాటలు రాసేవాడు. "నాను రాసిన మాటలకి ఒక్కడూ నవ్వలేదప్పా. నువ్వు కందులు ఒలుసుకుంటా అన్నదానికి నాకు నవ్వొచ్చీసింది" అన్నాడు ఒకసారి. ఆ తర్వాత కాగితం మానేసి మా కొండల్లోనే నాలుగు సినిమాలు తీశాడు. ఎవరు ఎవరో చెప్పి, ఎక్కడ కూర్చోవాలో చూపించేవాడు, అంతే. మాటలు మావే.

మొదటి సినిమాలో మంచు కొలిచే ఆఫీసు పెట్టాడు. ముంచింగిపుట్టు సంత పక్కన ఒక బల్ల, ఒక గీతల కర్ర, ప్యాంటు తొడిగిన మా మరిది. అది నిజం ఆఫీసేననుకుని ఒక ముసలాయన వచ్చాడు. "బాబూ, మా సేను మీద మంచు ఎక్కువ పడతంది. సగం పక్కోడి పేరున రాసెయ్యండి." షూటింగు అయ్యాక బాబు ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఇదంతా ఉత్తుత్తిదని చెప్పి, "మీ ముక్క ఉంచమంటారా, తీసీమంటారా?" అని అడిగాడు. "ఉంచు. పక్కోడికి మాత్రం సూపించకు" అన్నాడాయన. అలా అడగకుండా బాబు ఎవరి ముక్కా ఉంచలేదు. అందుకే పిలిచినప్పుడల్లా పని మానుకుని వెళ్ళేవాళ్ళం.

మేం మాట్లాడుతుంటే బాబు తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. భుజాలు ఎగిరిపడేవి, కళ్ళ నీళ్ళు కారేవి, చప్పుడు మాత్రం బయటికి వచ్చేది కాదు. "నవ్వు సూసినోళ్ళదప్పా. ముందే నాను తినీకూడదు" అనేవాడు.

ఇప్పుడు నా గొడవ చెబుతాను. చివరి సినిమాలో నేను కాఫీ రుచి చూసే పెద్ద మేడమ్ని. మాకు కాఫీ తోట ఉంది గానీ మేం కాఫీ తాగం. కాఫీ పిక్కలు అమ్మి టీపొడి కొంటాం. నా ముందు ఏడు గ్లాసులు పెట్టారు. గ్లాసులు తుడవడానికి గుడ్డ దొరక్క బాబు తువ్వాలు లాక్కున్నాను. మొదటిది తాగి, "ఇది మాడిపోనాది" అన్నాను. రెండోది తాగి, "ఇదీ మాడిపోనాది, కాపోతే బెల్లమేసి మాడ్సినారు" అన్నాను. మూడోది తాగి, "ఇది బాగుంది. మా కోడలు ఎట్టిన కాఫీ కాదు" అన్నాను.

కెమెరా వెనక నుంచి మా రాధమ్మ అరిచింది: "అత్తా! అదొక్కటే నాను ఎట్టినాను!"

బాబు దగ్గర తువ్వాలు లేదు. కడుపు పట్టుకుని పకపకా నవ్వేశాడు. ఆ నవ్వు సినిమాలో పడిపోయింది.

ఆ సినిమాకి మిగిలిన పని పూర్తి చేస్తున్న పట్నం కుర్రాళ్ళు మొన్న వచ్చారు. బాబు గుర్తుగా వేసే పుస్తకంలోకి రెండు మంచి మాటలు చెప్పమన్నారు. ఆ నోటితోనే, ఆ నవ్వు తప్పులా ఉందని, తీసేస్తున్నామని అన్నారు. "డైరెక్టరు గారే తన నవ్వు పడకూడదనేవారు కదా, అమ్మా" అని నాకే నేర్పారు.

అనేవాడు. కానీ ఆ రోజే నా చెవులకు ఆ డిప్పలు తగిలించి వినిపించి, "ఈ ఒక్కటీ ఉండనీ అప్పా. ఈపాలి నానూ సూసినోణ్ణే" అన్నాడు. విన్నది నేను, నా కోడలు. మా ఇద్దరికీ ఉప్పు దగ్గర కూడా కుదరదు. ఈ మాట దగ్గర కుదిరింది. ఆయన మా ముక్కలు మమ్మల్ని అడగకుండా ఉంచలేదు. ఆయన ముక్క ఉంచమని ఆయనే చెప్పి వెళ్ళాడు. బాబులూ, మీరెవరు తీయడానికి? ఈ పుస్తకం చదివే మీరందరూ ఆ సినిమా చూసినప్పుడు మూడో గ్లాసు దగ్గర చెవి పెట్టండి. నవ్వు వినపడకపోతే అడగండి.

నేను బాగానే ఉన్నాను. ఏడవడం లేదు. నాలాంటి ముసలిదాని నోటికి ఒకడు అంత నవ్వాడంటే నాకు చాలు. దీని కింద వేలిముద్ర వేశాక సిరా కొంగుకే తుడుచుకుంటాను. ఆ తువ్వాలు ఇంకా నా దగ్గరే ఉంది, కాఫీ మరకలతో, దడి మీద ఎండలో.

పాంగి చిన్నమ్మి, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షి: కొర్రా సుశీల, బడి టీచరు. ఒక్క మాట మార్చలేదు.

సాక్షి: పాంగి రాధమ్మ, కోడలు. మూడో గ్లాసు ఎట్టింది నానే.