పసుపు పట్టిన జొన్నలు

ఇది రాసి పెట్టక తప్పదు. మొన్న జమ్మలమడుగులో ఒక పెళ్ళి పంక్తిలో మా మేనమామ, తన చేనిని కాటుక తెగులు నుంచి కాపాడింది వ్యవసాయ శాఖ ఆయనేనని నలుగురికీ చెప్పాడు. నేను పక్కనే కూర్చుని పప్పు కలుపుకుంటున్నాను.

ఆ రోజుల్లో, అంటే ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చినప్పుడు, ప్రొద్దుటూరు గ్రంథాలయమే నా కాలేజీ. (ఇంకో కాలేజీకి పంపే తాహతు ఇంట్లో లేదు.) ఆ ఏడు మామ చేనులో జొన్న కంకుల నిండా గింజకు బదులు కాటుకలాంటి నల్లటి పొడి. ఇంకొక పంట అట్లా పోతే ఆ ఇంట్లో సంగటికి గింజ ఉండదు. మందు నేను చదివిన పుస్తకంలో ఉంది. మెత్తటి పసుపుపచ్చ గంధకం పొడి కాస్త వేసి, విత్తనాన్ని కుండలో బాగా ఆడిస్తే ప్రతి గింజకూ పొగమంచంత పల్చటి పొర పడుతుంది, దాని మీది తెగులు చస్తుంది.

"ఇంత పొడి అన్ని గింజలకు యాడ సాలుతాది అల్లుడా?" అని మామ నవ్వాడు. "సరే, నీ మాట మీద యేస్తాండా. పంట పోయిందంటే మాత్రం నా గడప తొక్కొద్దు."

రెక్కలు పడిపోయేదాకా ఆడించాను. రెండు రోజులకు, విత్తే పొద్దున గొర్రుకు పూజ అయ్యాక గుప్పెడు గింజలు తీసి, "చూడు మామా, ఎంత సమంగా పట్టిందో!" అంటూ ఆ పసుపుపచ్చ పొర చూపించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. (భక్తి అనుకున్నాను.)

కంకులు వేశాయి. మళ్ళీ నలుపే. మామ ఒక కంకి విరిచి నా ముఖాన దులిపాడు. అప్పుడు అత్త తాపీగా, "ఆ కంపు గింజలు భూమితల్లికి పెడతామా ఏంది? శానా సేపు కడిగి, ఆరబోసి, పసుపు పట్టించినా" అంది. బతికిపోయాననుకుని మామ వైపు చూశాను.

"కడిగితే పోయేది మందేందిరా?" అన్నాడాయన.

ఆ ఏడంతా వాళ్ళు కొర్రలు కొనుక్కుని తిన్నారు. నేను గడప తొక్కలేదు. మరుసటేడు పులివెందుల నుంచి వ్యవసాయ శాఖ ఖాకీ నిక్కరాయన వచ్చి అదే గంధకం పొట్లం కట్టి ఇచ్చాడు. అత్త కడగలేదు. "గవర్మెంటు మందప్పా, కడిగితే కేసు పెడతారేమో" అందట. పంట మచ్చ లేకుండా వచ్చింది.

పుస్తకం ఇచ్చిన లైబ్రరీ అయ్యవారికి, కుండ ఇచ్చిన మా జేజికి (నాయనమ్మకు), గింజలు అంత శ్రద్ధగా కడిగిన అత్తకు, పొట్లం తెచ్చిన ఖాకీ నిక్కరాయనకు, పంక్తిలో నా పక్కనే కూర్చుని నన్ను మరిచిపోయిన మామకు కృతజ్ఞతలు. చివరగా, పసుపును గంధకమనుకుని గొర్రు పక్కన అంతసేపు మురిసిపోయిన ఆ కుర్రవాడికి కూడా. వాడి చదువుకు ఆ చేలో దక్కిన మురిపెం అదొక్కటే.